దారి బురుజుకు పడిన బీట

నా చిన్నప్పుడు మా ఊరికి కొత్తవాళ్ళెవరైనా వస్తూ దారి అడిగితే, ఎవరూ కుడి ఎడమలు చెప్పేవాళ్ళు కారు. గుట్ట మీది బురుజు వైపు చెయ్యి చూపించి, దాన్ని చూసుకుంటూ వచ్చేయమనేవాళ్ళు. వేప్పనపల్లి దాటి కుప్పం వైపు పోయే రోడ్డులో, మామిడి తోటలు పలచబడి రాతినేల మొదలయ్యేచోట ఉంది మా ఊరు. ఊరికి పడమరగా చెట్టూ చేమా లేని బోడిగుట్ట. దాని నెత్తిన మూడంతస్తుల రాతి బురుజు. అందరూ దాన్ని దారి బురుజు అనేవాళ్ళు.

మా అమ్మా నాయనా హోసూరులో ఒక ఫ్యాక్టరీ దగ్గర ఒంటిగది బాడుగకు తీసుకుని ఉండేవాళ్ళు. ఇద్దరూ పనికి పోతే నన్ను చూసుకునే దిక్కు లేక, ఊళ్ళో తాత, అవ్వల దగ్గర వదిలారు. అప్పుడు నాకు పదేళ్ళు నిండి పదకొండు నడుస్తున్నాయి. తాత రాతిపని మేస్త్రి. ఉలి దెబ్బలకు వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి, పిడికిలి పూర్తిగా మూసుకునేది కాదు. మాట తక్కువ. పని నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, మేకుకు తగిలించిన తాళంచెవి తీసుకుని గుట్ట ఎక్కేవాడు. బురుజు తలుపు తెరిచి, లోపల గబ్బిలాల పెంట ఊడ్చి, పైదాకా పోయి చుట్టూ ఒకసారి చూసి దిగేవాడు. ఆ పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు. బురుజు కట్టినది ఆయన తండ్రి. తాత అప్పటికి ఇరవై ఏళ్ళవాడు, కొత్తగా పెళ్ళయినవాడు, తండ్రి పక్కన కూర్చుని రాళ్ళు చెక్కాడు. కాబట్టి అది ఆయనకు సొంత ఇంటితో సమానం. సాయంత్రాలు నేనూ ఆయన వెంట పోయేదాన్ని.

బురుజు సంగతి ఆయన ఒక్క రోజులో చెప్పలేదు. ఊడుస్తూ కొంత, ఎక్కుతూ కొంత చెప్పాడు. తెల్లవాళ్ళ కాలంలో పెద్ద యుద్ధానికి మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తొమ్మిది మంది పోయారట. కృష్ణగిరిలో పేర్లు రాయించుకుని, మా గుట్ట కింది రోడ్డు మీదుగానే నడిచిపోయారట. ఎనిమిది మంది చనిపోయినట్టు ఇళ్ళకు కాగితాలు వచ్చాయి. తొమ్మిదో ఆయన గురించి ఏ కాగితమూ రాలేదు. యుద్ధం ముగిశాక ఊళ్ళన్నీ కలిసి వాళ్ళ గుర్తుగా ఒక రాయి నాటాలనుకున్నాయి. మా వైపు పొలాల గట్ల మీద, పోరులో చనిపోయినవాళ్ళకు నాటిన పాతకాలపు వీరగల్లులు చాలా ఉన్నాయి. అలాంటిదే ఇంకొకటి అనుకున్నారు. అప్పుడు ఆ తొమ్మిదో ఆయన తల్లి అడ్డం వచ్చింది.

"రాయి నాటితే సచ్చినోళ్ళ కిందే లెక్క. నా కొడుకు సచ్చినాడని మీకెవరు చెప్పినారప్పా? వాడొస్తా ఉంటే దూరం నుంచే కనపడే మాదిరి ఏమన్నా కట్టండి" అన్నదట.

ఆమె మాట కాదనలేక, నాటవలసిన రాయికి బదులు గుట్ట మీద బురుజు లేపారు. రాళ్ళన్నీ ఆ గుట్టవే. బండ మీద వరసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు దిగ్గొట్టి చీల్చినవి. ఆ గుంటల సగాలు రాళ్ళ అంచుల మీద పంటిగాట్లలాగా ఇప్పటికీ కనిపిస్తాయి. సున్నాన్ని గానుగలో తిప్పి, బెల్లం నీళ్ళు, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు పోసి కలిపారట. అడుగున చదరం, ఆపైన గుండ్రం. లోపల నడిమి స్తంభం లేదు. ఒక్కో మెట్టు ఒక్కో పొడుగురాయి. ఒక కొస గోడలో ఉంటుంది, ఇంకో కొస గాలిలో ఉంటుంది. మొదటిసారి నేను గోడ పట్టుకుని, కూర్చుని కూర్చుని ఎక్కాను. పైనున్న గోడ బరువే మెట్టును నొక్కిపట్టి ఉంచుతుందని, అందుకే పడదని తాత చెప్పాడు. మెట్ల ఎత్తు కూడా మామూలుకంటే తక్కువ. ఆ తల్లి పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు. మా ముత్తాత ఆమెతో ఒక రాయి మీద అడుగు వేయించి, నొప్పి లేకుండా కాలు ఎంత లేస్తుందో చూసి, ఆ కొలతకే మెట్లన్నీ చెక్కాడట.

మెట్ల పక్కన గోడలో తొమ్మిది కిటికీలు. ఎనిమిది చిన్నవి, తల పట్టేంత. ఒక్కోదాని కింద ఒక్కో పేరు చెక్కి ఉంది. దాంట్లోంచి చూస్తే ఆ మనిషి ఊరే కనిపిస్తుంది. తొమ్మిదోది అన్నిటికంటే వెడల్పయినది, పై అంతస్తులో రోడ్డు వైపు తిరిగి ఉండేది. దాని కింద రాయిని నున్నగా చెక్కారు గాని అక్షరం వేయలేదు. ఆ తల్లి కాళ్ళు ఆడినన్నాళ్ళూ సాయంత్రం పూట అక్కడ నిలబడేదట. కొడుకు రాలేదు. కాగితమూ రాలేదు.

తొంభైల నడుమ మా గుట్టకు అవతలి పక్కన గ్రానైట్ క్వారీ ఒకటి వచ్చింది. మధ్యాహ్నం బండను పేల్చే ముందు ఈల ఊదేవాళ్ళు, ఎర్రజెండా ఊపేవాళ్ళు. కాసేపటికి నేల కింద నుంచి ఎవరో గుద్దినట్టు అదురు వచ్చేది. ఇళ్ళలో గిన్నెలు గలగలమనేవి. మామిడిపూత మీద తెల్లటి దుమ్ము పేరుకునేది. ఊళ్ళో కొందరికి అక్కడే కూలిపని దొరికింది కాబట్టి మొదట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఒక సాయంత్రం తాత మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయాడు. తలుపు పైరాయి దగ్గర నుంచి పై అంతస్తు దాకా గోడలో సన్నటి బీట. దాంట్లో గోరు పెట్టి చూశాడు. ఆ రోజు పైదాకా పోకుండానే దిగివచ్చాం.

బీట సంగతి తెలిశాక ఊరిలో కదలిక వచ్చింది. మా ఊరిపెద్ద పట్టుదల మనిషి. బురుజు మీద ఉన్న పేర్లలో ఒకటి ఆయన పెదనాన్నది. అర్జీలు రాయించి, బస్సులో కృష్ణగిరికి తిరిగి తిరిగి, ఏడాది తిరిగేసరికి ఒక ఇంజనీరును గుట్ట మీదికి రప్పించాడు. ఇంజనీరు తమిళాయన. తెలుగు ఒకమాదిరిగా వచ్చు. బీట చూసి, ఇది పాతదేమో, క్వారీ వల్ల పెరుగుతోందని ఎలా చెప్పగలరని అడిగాడు. అప్పుడు తాత ముందుకు వచ్చాడు. వయసులో ఉండగా బెంగుళూరులో పాత కట్టడాల మరమ్మతుకు పోయి నేర్చుకున్న పద్ధతి చెప్పాడు. బీటకు అడ్డంగా సన్నటి గాజుముక్క పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించాలి. గోడ కదలకుంటే గాజు అలాగే ఉంటుంది. వెంట్రుకంత కదిలినా పగులుతుంది. ఇంజనీరు తల ఊపాడు. అలాగే చేయండి, నెల తరువాత వచ్చి చూస్తాను, గాజు పగిలి ఉంటే పేలుళ్ళు ఆపమని నేనే రాస్తాను అన్నాడు.

తాత పాత పటం అద్దాన్ని కోసి అయిదు ముక్కలు చేశాడు. మెట్లు బీటను దాటే చోట రెండు, నిచ్చెన వేసుకుని పైన మూడు అతికించాడు. ఆ నెల రోజులూ సాయంత్రం కాగానే ఊళ్ళో అందరిదీ ఒకటే ప్రశ్న. పగిలిందా? లేదు అని తాత చెప్పేవాడు. మొదట్లో ఆశగా అడిగినవాళ్ళు పోను పోను విసుగ్గా అడగసాగారు. ఊరిపెద్ద మా వాకిట్లోకి వచ్చి, గాజు మందమైనది పెట్టావేమో అన్నాడు ఒకసారి. పక్కింటి అత్త నీళ్ళ దగ్గర మా అవ్వతో, "ఒక్కటి పగిలితే సాలు గదా పెద్దమ్మా, ఊరు గట్టెక్కుతాది" అనడం నేను విన్నాను. తాత ముఖం చూస్తే ఆయన కూడా అదే కోరుకుంటున్నాడని నాకు అనిపించేది. అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయేవాడు.

ఇంజనీరు రావడానికి ముందురోజు మధ్యాహ్నం బడి లేదు. తాత పనికి పోయాడు. అవ్వ పొయ్యి దగ్గర ఉంది. మేకుకు ఉన్న తాళంచెవి తీసుకుని నేను గుట్ట ఎక్కాను. నాకు భయం వేయలేదని చెప్పను. కానీ తప్పు చేస్తున్నానని మాత్రం అనుకోలేదు. ఊరంతా కోరుకునే పని, చిన్న పని, నా చేతిలో ఉందనుకున్నాను. గుప్పెడంత రాయితో మెట్ల దగ్గరి గాజును ఒక్క దెబ్బ కొట్టాను. ఠప్పుమని చప్పుడు బురుజంతా తిరిగింది. గబ్బిలాలు లేచాయి. రెండోదాన్ని కళ్ళు మూసుకుని కొట్టి, తాళం వేసి పరుగెత్తుకుంటూ దిగివచ్చాను. ఆ సాయంత్రం తాత పని నుంచి ఆలస్యంగా వచ్చి గుట్టకు పోలేదు.

మరునాడు పొద్దున ఊరు సగం గుట్ట మీద ఉంది. తాత తాళం తీశాడు. ముందుగా లోపలికి పోయిన ఊరిపెద్ద అరిచిన అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"చూసినారా సార్! పగిలినాయి! రెండు పగిలినాయి! నేను ఏడాదిగా చెప్తా ఉంటే ఎవరన్నా విన్నారా?"

ఆయన కళ్ళలో నీళ్ళు. బయటున్నవాళ్ళు ఈలలు వేశారు. పక్కింటి అత్త నన్ను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది, ఊరికే, సంతోషం పట్టలేక. ఇంజనీరు పుస్తకం తెరిచి కలం తీశాడు. తాత ఒక్కడే గాజు దగ్గర వంగి ఉన్నాడు. దాని మీద వేలు పెట్టి మెల్లగా తడిమాడు. రెండోదాన్నీ తడిమాడు. తరువాత తల తిప్పి ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. లేచి నిలబడ్డాడు.

"ఈ రెండూ రాసుకోవద్దండి సార్."

"ఏమప్పా, మతి పోయిందా నీకు?" అన్నాడు ఊరిపెద్ద.

తాత ఆయన వైపు చూడకుండా ఇంజనీరుకే చెప్పాడు. "గోడ లాగింటే బీట ఎంబడే ఒక్క గీత పడాల సార్. ఇది అట్ల లేదు. నడిమిన దెబ్బ తగిలి సుట్టూ చీలింది. ఎవరో కొట్టినారు. పైన మూడు గాజులూ బాగుండాయి, చూసుకోండి."

ఇంజనీరు వంగి చూసి, ఎవరు కొట్టారని అడిగాడు.

"తాళం నా దగ్గర ఉండాది. ఎవరు కొట్టినా తప్పు నాదే" అన్నాడు తాత.

నేను పక్కింటి అత్త కొంగు వెనక నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి అదే సమయం. నేను ఆ కొంగునే ముఖానికి అడ్డంగా లాక్కున్నాను. ఇంజనీరు ఏదో రాసుకుని, బీటలో కదలిక కనబడలేదని చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా గుట్ట దిగిపోయాడు. ఆయన జీపు దుమ్ము రోడ్డు మీద అణగకముందే అవతలి పక్క క్వారీ ఈల వినిపించింది.

ఆ తరువాత రోజులు మా ఇంటికి చెడ్డరోజులు. గోడ లాగి పగిలిన గాజును దెబ్బ తగిలి పగిలిందని తాత అబద్ధం చెప్పాడని ఊరు తేల్చుకుంది. క్వారీవాళ్ళతో కలిసిపోయాడన్నారు. ఆయన టీ అంగడికి పోతే బెంచీ మీద ఉన్నవాళ్ళు లేచిపోయేవాళ్ళు. బడి ప్రహరీగోడ పని ఆయన చేయవలసింది, వేరే ఊరి మేస్త్రికి ఇచ్చారు. అవ్వ నీళ్ళకు పోతే ఆమె బిందె దగ్గర ఎవరూ నిలబడేవాళ్ళు కారు. ఆమె తాతను ఒక్కసారే అడిగింది, "నోరు మూసుకోని ఉండింటే ఏమి పోయిండు నీకు?" అని. తాత చెంబు తీసుకుని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. నన్ను ఏమీ అడగలేదు. పగిలిన వాటి చోట కొత్త గాజులు అతికించాడు. రోజూ లాగే తాళంచెవి తీసుకుని ఒక్కడే పోయి వచ్చేవాడు. నేను కడుపునొప్పి అని ఒక రోజు, లెక్కలు చేసుకోవాలని ఒక రోజు వంకలు చెప్పి వెంట పోవడం మానేశాను. చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. మొదటి రోజు చెప్పి ఉంటే గాజు సంగతి ఒక్కటే చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి.

నెల దాటింది. ఊళ్ళో ఒకరి ఇంట గృహప్రవేశం. ఆ ఇంటికి గడపరాయి చెక్కి ఇచ్చింది తాతే, చాలా ముందు. పిలవక తప్పలేదు, పోక తప్పలేదు. బంతిలో ఆకు ముందు తాత కూర్చున్నాడు, ఆయన పక్కన నేను. మాకు రెండు వైపులా ఉన్నవాళ్ళు మేము కూర్చోగానే లేచి వేరే చోటికి పోయారు. అన్నం వడ్డించారు. పప్పు పోస్తున్నవాడు తాత దగ్గరికి వచ్చి ఆగి, ఊరిపెద్ద వైపు చూశాడు. ఊరిపెద్ద గట్టిగానే అన్నాడు.

"ఆయనకు మన పప్పన్నం యాడ రుచిస్తాదప్పా. క్వారీ ఆఫీసులో తిని వచ్చింటాడు."

కొందరు నవ్వారు. తాత ముద్ద కలపబోయిన చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. మెల్లగా చెయ్యి దులుపుకుని, ఆకు మడిచి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు. వడ్డించిన అన్నం వదిలి లేవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. పడిన మెతుకును కూడా ఏరుకుని తినేవాడు ఆయన. ఆయన వంగిన వీపు చూడగానే నేనూ ఆకు ముందు నుంచి లేచాను.

"నేనే పగలగొట్టినాను!" అని అరిచాను. "తాత కాదు. నేనే. రాయితో కొట్టినాను. తాతకు తెలీదు."

నేను ఏడుస్తూ అంతా చెప్పాను, తాళంచెవి తీయడం, గబ్బిలాలు లేవడం, అన్నీ. చెప్పేస్తే అంతా సర్దుకుంటుందని, ఊరిపెద్ద వచ్చి తాత చెయ్యి పట్టుకుంటాడని అనుకున్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. తరువాత తాత వైపు తిరిగాడు.

"ముసిలోడివి అయినావు. మానం కాపాడుకునేదానికి పసిబిడ్డకు అబద్ధం నేర్పించి చెప్పిస్తావా?"

ఎవరూ నన్ను నమ్మలేదు. ఆ రోజు గుట్ట మీద నన్ను ముద్దు పెట్టుకున్న అత్త కూడా నమ్మలేదు. నేను ప్రమాణం చేస్తానని అన్నాను. తాత నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

ఇద్దరం ఇంటిదారి పట్టాం. చెరుకు గానుగ దాటాక ఆయనే మొదలుపెట్టాడు.

"నాకు ఆ పొద్దే తెలుసు పాపా."

"ఎట్ల తెలుసు?"

"అయిదింట్లో పగిలినవి రెండు. రెండూ నీ బుజం ఎత్తులో ఉండేవే."

నేను ఆగిపోయాను. మరి ఎందుకు అడగలేదని అడిగాను. ఆయన గట్టు మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వే వచ్చి చెప్తావని చూస్తా ఉండినాను. ఇయ్యాళ చెప్తావు, రేపు చెప్తావు అని. నేను అడిగింటే నీకు ఇంత బరువు అయిండదు. అది నేను చేసిన తప్పు."

ఊరి కోసమే కదా తాతా చేసినాను అన్నాను. ఆయన నా తల నిమిరాడు.

"ఊరి కోసమే. తెలుసు. ఆ పై కిటికీ కింద పేరు చెక్కమని ఊరంతా చెప్పినారు మా నాయనకు. సచ్చింటాడులే అన్నారు. సచ్చినాడో బతికినాడో నాకు తెలీదు, తెలీందాన్ని రాయి మీద ఎట్ల చెక్కేది అని ఊరికే వదిలిపెట్టినాడు. అట్లాంటి గోడ మీద నిలబడి, రాయితో కొట్టిందాన్ని గోడ పగలగొట్టిందని నేను ఎట్ల రాయించేది పాపా?"

కోపంగా చెప్పి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో. ఆయన నన్ను ఒప్పించుకోవాలన్నట్టు, నిజంగానే నా జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు అడిగాడు. మరునాటి నుంచి మళ్ళీ ఆయన వెంట గుట్ట ఎక్కసాగాను.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఒక సాయంత్రం నిచ్చెన ఎక్కిన తాత అక్కడే ఉండి నన్ను పిలిచాడు. అన్నిటికంటే పైనున్న గాజు బీట వెంట నిలువునా, దారం గీసినట్టు ఒకే గీతగా చీలి ఉంది. రెండు రోజులకు దాని కిందిది కూడా. తాతకు రాయడం రాదు. ఆయన చెబుతుంటే ఇంజనీరుకు ఉత్తరం నేను రాశాను. ముందు పగిలినవి తన మనవరాలు కొట్టినవని కూడా రాయించాడు. అది రాస్తున్నప్పుడు నా చెయ్యి ఆగింది. ఆయన తొందరపెట్టలేదు, నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా ఆగాడు.

ఇంజనీరు వస్తాడని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. బస్సు దిగి ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. నిచ్చెన ఎక్కి చాలాసేపు చూశాడు. దిగాక తాతను ఒకే మాట అడిగాడు, ఇది రాసుకోవచ్చా అని. "ఇది గోడే సార్, రాసుకోండి" అన్నాడు తాత. పోతూ ఇంజనీరు నన్ను దగ్గరికి పిలిచి, ఉత్తరంలో అక్షరాలు బాగున్నాయన్నాడు.

మా వైపు పేలుళ్ళు ఆగాయి. కానీ ఆపమనే కాగితాలు తిరిగి తిరిగి ఆ పని జరిగేసరికి ఎండాకాలం వచ్చింది. అప్పటికి పై అంతస్తు ఒక పక్కకు ఒరిగింది. అలాగే వదిలితే కింది రెండింటినీ లాక్కుని పడుతుందని తాత చెప్పాడు. తన తండ్రి పేర్చిన రాళ్ళను తానే దించాడు. ప్రతి రాయి మీదా సున్నంతో అంకె వేయించాడు. ఆ అంకెలు వేసింది నేనే. మొదటి వారం పక్క ఊరి మనుషులే సాయం. తరువాత మా ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి తాడు పట్టుకున్నారు. తొమ్మిదో కిటికీ రాళ్ళను దించేరోజు ఊరిపెద్ద వచ్చాడు. బరువైన పైరాయికి ఒక కొస భుజం పెట్టాడు. ఇంకో కొస తాతది. రాయి నేలకు ఆనాక పైగుడ్డతో ముఖం తుడుచుకుని దిగిపోయాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా లేదు. ఆ తరువాత కూడా లేదు.

ఆ కిటికీని తాత రెండో అంతస్తులో, రోడ్డు వైపుకే తిప్పి మళ్ళీ కట్టాడు. కింద నున్నటి రాయి అలాగే ఉంది. అక్కడి నుంచి రోడ్డు మలుపు దాకే కనిపిస్తుంది. మునుపటిలాగా కృష్ణగిరి వైపు దూరందాకా కనిపించదు. పని అయిపోయిన రోజు తాత ఆ కిటికీలో చాలాసేపు నిలబడి, తగ్గిపోయింది అన్నాడు. రోడ్డు గురించి అన్నాడో, బురుజు గురించి అన్నాడో నేను అడగలేదు.

తరువాత నేను హోసూరుకు అమ్మా నాయనల దగ్గరికి పోయాను. అక్కడే చదువు, అక్కడే ఉద్యోగం, అక్కడే సంసారం. తాత రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు పోయాడు. పాడె కడుతుండగా వాకిట్లో ఎవరో ముసలాయన అనడం విన్నాను. "పనోడంటే ఈయనేనప్పా. ఏమో, ఆ క్వారీ ఇసయంలో మాత్రం..." అని. మిగతాది మింగేశాడు. చావింట్లో గొంతు పెంచకూడదని అవ్వ నా చెయ్యి పట్టుకుంది. అయినా నేను పోయి ఆ ముసలాయన ముందు కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు మొదటి నుంచి చెప్పాను. ఆయన విని తల ఊపాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు.

ఆ రోజుల నుంచి నాతో వచ్చింది ఏమిటని నా పిల్లలు అడిగితే, నిజం చెప్పాలని నేర్చుకున్నాను అనడానికి నోరు రాదు. అది తాతకు వచ్చినంత సులువుగా నాకు రాలేదు. నేను తెలుసుకున్నది వేరు. నిజాన్ని ఆపి ఉంచిన ప్రతి రోజూ ఎవరో ఒకరు బాధపడతారు. ఆ నెల రోజులు నా బదులు ఆయన పడ్డాడు, అన్నం ముందు నుంచి లేచాడు. ఆ రోజులను వెనక్కి తెచ్చి ఆయనకు ఇవ్వలేను. కాబట్టి నాకు చేతనైనది చేస్తూ వస్తున్నాను. తప్పు జరిగితే ఆ పూటే చెప్పేస్తాను, ఇంట్లోనైనా, పనిచేసే చోటనైనా. ఊరికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు, కొత్త కోడలో, పాత చుట్టమో, మీ తాత ఆ కాలంలో ఆ బురుజు గాజు సంగతిలో అంటూ మొదలుపెడతారు. చేతిలో ఎంత పనున్నా పక్కన పెట్టి వాళ్ళ ఎదురుగా కూర్చుంటాను.

"తాత కాదమ్మా, నేను" అని మొదలుపెడతాను.